కేమన్‌కు వీల్ స్పేసర్లు: మందం కన్నా ముందు చూడవలసినవి

మీరు అడిగినదాన్ని ముందు ఒక్కసారి నా మాటల్లో చెప్పుకుంటాను, ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. 2008 నాటి పోర్షే కేమన్ ఎస్ కారును జర్మనీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. చక్రాలు కంపెనీ ఇచ్చిన 18 అంగుళాలవే. అవి మడ్‌గార్డుల లోపలికి కూరుకుపోయినట్టు కనిపిస్తున్నాయి కనుక ముందు 15, వెనుక 20 మి.మీ. మందం గల స్పేసర్లు, అంటే చక్రానికీ, ఇరుసు కొసన అది బిగుసుకునే హబ్‌కూ మధ్య పెట్టే లోహపు బిళ్లలు, వేయాలని అనుకుంటున్నారు, వెనుక జతను ఇప్పటికే ఎవరి దగ్గరో వాడినవి కొనేశారు. పాత బోల్టులు సరిపోతాయా, బేరింగులు తొందరగా పోతాయా, ఇంటి ముందు నేనే బిగించుకోవచ్చా అని మూడు సందేహాలు అడిగారు. చక్రపు బోల్టు స్పేసర్‌లోంచి దూరి హబ్‌లోకి వెళ్లే రకానికి పాత బోల్టులు సరిపోవు. బేరింగుల సంగతి మందాన్ని బట్టి ఉంటుంది. బిగించడం మీరే చేసుకోవచ్చు, అయితే ఆ పనిలో బిగింపుకు పట్టే సమయం కన్నా శుభ్రం చేయడానికి, కొలవడానికి పట్టే సమయమే ఎక్కువ.

నేను ఇదే తరం కారును స్టుట్‌గార్ట్ పరిసరాల్లో చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. మొదట్లో మీలాగే మందం గురించే ఆలోచించాను. తరువాత నాకు ఎదురైన ప్రతి ఇబ్బందీ మందం వల్ల కాక, చక్రం హబ్ మీద కూర్చున్న తీరు వల్లనే వచ్చింది. అందుకే ఎన్ని మిల్లీమీటర్లు అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, చక్రాన్ని అసలు ఏది పట్టుకొని ఉంటుందన్న దగ్గర మొదలుపెడతాను.

చక్రం బోల్టులకు వేలాడుతూ ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బోల్టు చేసే పని చక్రాన్ని మోయడం కాదు, దాన్ని హబ్ ముఖానికి గట్టిగా అదిమి పెట్టడం. ఆ అదుముడు వల్ల రెండు లోహపు ముఖాల మధ్య పుట్టే రాపిడే కారు బరువునూ, బ్రేకు వేసినప్పటి లాగుడునూ, ఇంజను తిప్పుడునూ మోస్తుంది. మీ కారు బోల్టు 14 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. మర దూరం గలది, దాని బిగింపు 130 న్యూటన్ మీటర్లు. ఆ బిగింపుకు ఒక్కొక్క బోల్టు సుమారుగా నాలుగున్నర నుంచి ఆరు టన్నుల బలంతో చక్రాన్ని హబ్‌కు అదిమి పెడుతుంది, అంటే ఐదూ కలిసి ఇరవై టన్నులకు పైమాటే. స్పేసర్ వేసినప్పుడు అలా ఆనుకునే ముఖాల జత ఇంకొకటి పెరుగుతుంది. వాటిలో ఏ ఒక్కదాని మధ్య తుప్పు పొరగానీ, రంగు పెచ్చుగానీ, ఇసుక రేణువుగానీ ఇరుక్కుంటే, నాలుగు రోజులకు అది నలిగి పొడి అవుతుంది, అది నలిగినంత మేరా బోల్టు వదులవుతుంది. బోల్టు వదులైతే రాపిడి పోతుంది, రాపిడి పోయిన తరువాత మాత్రమే చక్రం బోల్టులకు నిజంగా వేలాడుతుంది. విరిగిన బోల్టు ఎక్కడైనా కనిపిస్తే, అది విరగకముందే వదులై ఉంటుందని అనుకోవడం దాదాపు ఎప్పుడూ సరైనదే.

ఇప్పుడు కొలతల్లోకి వద్దాం. మీ కారుకు ముందు రిమ్ము 8 అంగుళాల వెడల్పుతో ఈటీ 57, వెనుక రిమ్ము 9 అంగుళాల వెడల్పుతో ఈటీ 43 గలది. టైర్లు ముందు 235/40, వెనుక 265/40. ఈటీ అంటే రిమ్ము వెడల్పుకు సరిగ్గా నడిమి గీత నుంచి, హబ్‌కు ఆనుకునే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటివైపుకు ఉందో చెప్పే సంఖ్య. స్పేసర్ ఎంత మందమో అంత ఆ సంఖ్యలోంచి తీసివేస్తే చాలు. మీరు అనుకున్న ప్రకారం ముందు 42కు, వెనుక 23కు దిగుతాయి. అదే 5 మి.మీ. వేస్తే 52కు, 38కి దిగుతాయి. ఆ తరం కార్లకు పోర్షే తానే ఐచ్ఛికంగా అమ్మిన స్పేసర్లు 5 మి.మీ.వి. ఆ సంఖ్యను ఎంచుకున్నవారు ఊరికే ఎంచుకోలేదని నా అభిప్రాయం, ఎందుకన్నది కింద చెబుతాను.

బేరింగుల విషయంలో ఒక వైపు అనవసరమైన భయం, ఇంకో వైపు అనవసరమైన ధైర్యం రెండూ ప్రచారంలో ఉన్నాయి. లెక్క వేసి చూద్దాం. మనుషులతో కలిపి మీ కారు వెనుక చక్రం ఒక్కొక్కదాని మీద సుమారు 400 కిలోల బరువు, అంటే దాదాపు 4,000 న్యూటన్లు పడుతుందనుకుంటే, 5 మి.మీ. స్పేసర్ ఆ బేరింగు మీద అదనంగా 20 న్యూటన్ మీటర్ల వంపు బలాన్ని పెడుతుంది. 20 మి.మీ. స్పేసర్ 80 పెడుతుంది. మరోవైపు, మలుపులో అదే టైరు మీద 4,000 న్యూటన్ల పక్కబలం పడితే, టైరు వ్యాసార్థం 33 సెంటీమీటర్ల మేరకు ఉంటుంది కనుక, బేరింగు భరించవలసిన వంపు బలం 1,300 న్యూటన్ మీటర్లు దాటుతుంది. కాబట్టి 5 మి.మీ. వల్ల బేరింగు కాలిపోతుందన్న మాటలో పస లేదు. అయితే మలుపు కొన్ని క్షణాలే ఉంటుంది, స్పేసర్ పెట్టిన భారం కారు తిన్నగా వెళ్తున్నంతసేపూ, ప్రతి కిలోమీటరూ ఉంటుంది. బాల్ బేరింగు ఆయుష్షు భారానికి ఘనం లెక్కన తగ్గుతుంది, భారం పది శాతం పెరిగితే ఆయుష్షులో నాలుగో వంతు పోతుంది. అందువల్ల 20 మి.మీ. వేసినవారికి బేరింగు రేపే పోతుందని చెప్పను గానీ, ఆ ఖర్చును కొన్నేళ్లు ముందుకు జరుపుకున్నట్టే అనుకోవాలి.

ముందు చక్రాల విషయం దీనికంటే సున్నితమైనది. స్టీరింగు తిప్పినప్పుడు చక్రం ఏ ఇరుసు గీత చుట్టూ తిరుగుతుందో, ఆ గీత నేలను తాకే చోటుకూ టైరు నడిమికీ మధ్య ఉండే దూరాన్ని కంపెనీవారు చాలా లెక్క చూసి పెడతారు. స్పేసర్ మందం మొత్తం ఆ దూరానికి నేరుగా కలుస్తుంది. 5 మి.మీ. మార్పును నేను గమనించలేకపోయాను. ఒక మిత్రుడి కారుకు ముందు 15 వేసి ఉండగా నడిపి చూశాను. లారీలు నడిచి గాడులు పడిన రోడ్డు మీద స్టీరింగు ఆ గాడుల వెంట పోవాలని లాగుతూనే ఉంది, ఒక చక్రం గుంతలో పడినప్పుడల్లా ఆ దెబ్బ చేతికి తెలుస్తూనే ఉంది. ఇరుసు వెడల్పు పెరిగితే కారు మలుపుల్లో అతుక్కుపోతుందని చెప్పేవారికి ఒక చిన్న లెక్క: ఈ కారు చక్రాల మధ్య దూరం దాదాపు మీటరున్నర. రెండు వైపులా 5 మి.మీ. చొప్పున వేస్తే పెరిగేది 10 మి.మీ., అంటే ఒక శాతం కూడా కాదు. మలుపులో ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి మళ్లే బరువు కూడా అంతే తగ్గుతుంది. దాన్ని మీరూ నేనూ పసిగట్టగలమంటే నేను నమ్మను. స్పేసర్ వేసేది చూపు కోసమేనని ఒప్పుకుంటే మిగిలిన నిర్ణయాలు తేలికవుతాయి, చూపు కోసం వేయడంలో తప్పేమీ లేదు కూడా.

కాబట్టి మందం గురించి నా సలహా: ముందు 5, వెనుక 5. వెనుక మరీ లోపలికి ఉన్నట్టు అనిపిస్తే 15. ఆ మధ్యలో ఉన్న 7, 8, 10 లాంటివి ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే హబ్ మధ్యలోని గట్టు గురించి చెప్పాలి. హబ్ నడుమ గుండ్రంగా బయటికి పొడుచుకొని ఉండే అంచు ఒకటి ఉంటుంది, పోర్షేలకు దాని వ్యాసం 71.6 మి.మీ. చక్రం నడిమి రంధ్రం దాని మీద సరిగ్గా ఎక్కి కూర్చోవడం వల్లనే బోల్టులు బిగించకముందే చక్రం కేంద్రానికి వస్తుంది. పలుచని స్పేసర్ వేస్తే ఆ గట్టులో కొంత భాగం స్పేసర్‌లోనే పోయి, మిగిలిన భాగం చక్రాన్ని పట్టుకోవాలి. దాని మీద, చక్రపు రంధ్రం అంచును లోపలివైపు కాస్త వాలుగా చెక్కి ఉంటారు కనుక, మిగిలిన గట్టులో మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్లు దేన్నీ తాకవు. 5 మి.మీ. వేసినా గట్టు చక్రాన్ని పట్టుకుంటుంది. 10 వేస్తే పట్టుకునే భాగం దాదాపు మిగలదు, అలాగని అంత పలుచని స్పేసర్ మీద సొంతంగా ఇంకో గట్టును చెక్కడానికి సాధారణంగా లోహం చాలదు. 15 మి.మీ. నుంచి స్పేసర్ తన లోపలివైపు హబ్ గట్టుకు చోటిచ్చి, బయటివైపు అదే 71.6 కొలతతో సొంత గట్టుతో వస్తుంది. నా మాట మీద ఆధారపడకుండా వెర్నియర్ కాలిపర్‌తో మీ హబ్ గట్టు ఎత్తును కొలవండి, స్పేసర్ మందం తీసేయండి, చక్రం వాలు అంచు తీసేయండి. మిగిలింది మూడు మిల్లీమీటర్లకు తగ్గితే ఆ స్పేసర్ మీ కారుకు కాదు. అన్ని కార్లకూ సరిపోతుందంటూ బోల్టు రంధ్రాలను పొడవాటి చీలికలుగా చెక్కి అమ్మే వాషర్ల లాంటి వాటిని, ఒకదాని మీద ఒకటి రెండు స్పేసర్లు పేర్చే ఆలోచనను మొదటే పక్కన పెట్టేయండి.

వెనుకకు మీరు కొన్న 20 మి.మీ. రకం ఏదో మీ ప్రశ్నలో స్పష్టంగా లేదు. ఒకే పొడవాటి బోల్టు చక్రంలోంచి, స్పేసర్‌లోంచి దూరి హబ్‌లోకి వెళ్లేది ఒక రకం. స్పేసర్‌ను ముందు సొంత పొట్టి బోల్టులతో హబ్‌కు బిగించి, చక్రాన్ని ఆ స్పేసర్‌లోని మరల్లోకి బిగించేది ఇంకో రకం. రెండో రకమైతే బిగింపులు రెండింతలవుతాయి, చక్రం విప్పినప్పుడల్లా లోపలి ఐదు బోల్టులను కూడా, ఎంత బలంతో బిగిసిందో చూపే టార్క్ రెంచితో చూడాలి, వాటి తలలు స్పేసర్ ముఖానికి వెంట్రుకవాసి కూడా పైకి ఉండకూడదు.

బోల్టుల దగ్గరే జనం ఎక్కువగా పొరపడతారు కనుక ఇక్కడ కొంచెం నిలుద్దాం. మొదటి రకంలో స్పేసర్ ఎంత మందమో బోల్టు సరిగ్గా అంత పొడవు పెరగాలి. 5 మి.మీ.కు పాత బోల్టులే చాలవా అని అడిగేవారు ఒక లెక్క చూడాలి. మర దూరం 1.5 కనుక 5 మి.మీ. అంటే మూడు చుట్లకు పైన మర పోయినట్టే. ఈ కొలత బోల్టుకు స్పేసర్ తయారీదారులు చెప్పే కనీస పట్టు ఏడున్నర చుట్లు. దీన్ని మీరే చూసుకోవచ్చు. స్పేసర్ లేకుండా పాత బోల్టును చేత్తో తిప్పుతూ మర అందుకున్న క్షణం నుంచి చక్రానికి ఆనుకునే వరకు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. తరువాత స్పేసర్ పెట్టి కొత్త బోల్టుతో అదే చేయండి. రెండు సంఖ్యలూ ఒకటే రావాలి. తక్కువ వస్తే పట్టు చాలదు. ఎక్కువ వస్తే అది ఇంకో ప్రమాదం, ఎందుకంటే ఈ కారు వెనుక బ్రేకు డిస్కు నడిమి డొల్లలో హ్యాండ్‌బ్రేకు షూలు ఉంటాయి, పొడవెక్కువైన బోల్టు కొస హబ్ దాటి నేరుగా వాటి సామాను మీదికే వెళుతుంది.

బోల్టు తల కింది ఆకారం కూడా పొడవంత ముఖ్యమైనదే. పోర్షే చక్రాల్లో బోల్టు కూర్చునే గుంట బంతి ఆకారంలో, 14 మి.మీ. వ్యాసార్థంతో ఉంటుంది. ఫోక్స్‌వాగన్, ఆడి కార్లకు అదే మర గల బోల్టులే వస్తాయి గానీ వాటి బంతి వ్యాసార్థం 13. చేతిలో రెండింటినీ పట్టుకుంటే తేడా తెలియదు, బిగిస్తే బిగుస్తాయి కూడా. కానీ తల గుంట మొత్తానికి కాక ఒక సన్నని గీత మీద మాత్రమే ఆనుతుంది, కొన్నాళ్లకు అల్యూమినియం అక్కడ నలిగి బోల్టు వదులవుతుంది. బీఎండబ్ల్యూలవి శంకు ఆకారం తలలు, అవి మరీ వద్దు. అనుమానం ఉంటే బోల్టు తల అంచుకు మార్కర్ పెన్నుతో రంగు పూసి, మెల్లగా బిగించి విప్పి చూడండి. గుంట చుట్టూ వెడల్పాటి పట్టీలా రంగు అంటితే సరైన బోల్టు, దారంలా సన్నని గీత పడితే కాదు. నాలుగు చక్రాలకు ఇరవై బోల్టులు కావాలి, వాటిలో నాలుగు, చక్రాలు దొంగలు విప్పకుండా చక్రానికొకటి చొప్పున వేసే తాళం బోల్టులని మరచిపోవద్దు. పదహారు పొడవాటివి కొని తాళం బోల్టులు మాత్రం పాతవే వేసి, చక్రానికి ఒక బోల్టు చొప్పున సగం మర పట్టుతో తిరుగుతున్న కార్లను నేను చూశాను.

ఇక పని చేసే రోజు. కారును చదునైన చోట నిలిపి, ఎదురు చక్రాలకు దిమ్మలు పెట్టి, బోల్టులను నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేసి, జాకీ ఎత్తాక తప్పనిసరిగా స్టాండ్ మీద దించండి. ఈ కారుతో పాటు పనిముట్ల సంచిలో బోల్టు రంధ్రంలోకి బిగించుకునే ఒక కడ్డీ వస్తుంది, చక్రాన్ని దాని మీదుగా జార్చి లోపలికి తోయడానికి. స్పేసర్ కూడా ఆ కడ్డీ మీదే తగిలించుకోవచ్చు. మీ సంచిలో అది లేకపోతే ఒకటి కొనుక్కోండి, లేకుంటే ఒక చేత్తో ఇరవై కిలోల చక్రాన్ని మోస్తూ ఇంకో చేత్తో జారిపోయే స్పేసర్ రంధ్రాలను కలపడానికి ప్రయత్నించి, చివరికి రిమ్ముతో బ్రేకు కాలిపర్ రంగును గీకుతారు.

చక్రం తీశాక కనిపించేది ఏమిటంటే, హబ్‌కూ చక్రానికీ మధ్య ఉండే బ్రేకు డిస్కు ముఖం మీద ఎర్రటి తుప్పు, గట్టు చుట్టూ నల్లటి గట్టి పెచ్చు. జర్మనీ చలికాలంలో రోడ్లకు ఉప్పు చల్లుతారు కనుక పదేళ్ల కారుకు ఇది లేకుండా ఉండదు. వైరు బ్రష్‌తో తోమి, బోల్టు రంధ్రాల చుట్టూ బ్రష్ అందని చోట ఎమరీ కాగితాన్ని వేలికి చుట్టి రుద్ది, గుడ్డతో తుడిచి, వేలి కొస ఆ ముఖం మీద మెల్లగా నడిపించండి. కంటికి కనిపించని పెచ్చు వేలికి దొరుకుతుంది. 0.1 మి.మీ. పెచ్చు ఒక అంచున ఇరుక్కుంటే ఏమవుతుందంటే, ఆనుకునే ముఖం వ్యాసం 14 సెంటీమీటర్లు అనుకుంటే 18 అంగుళాల రిమ్ము అంచుకు వచ్చేసరికి ఆ వాలు మూడింతలై 0.3 మి.మీ. దాటుతుంది, టైరు అంచుకు ఇంకా ఎక్కువవుతుంది. చక్రపు వెనుక ముఖాన్ని కూడా ఇలాగే శుభ్రం చేయాలి. కొత్త స్పేసర్‌కు అంటుకొని వచ్చే స్టిక్కరును కూడా చూసుకోండి, దాన్ని తీయకుండా బిగించినవారు ఉన్నారు.

ఈ చోటే నేను స్వయంగా దెబ్బ తిన్నాను. స్పేసర్లు వేసిన వారానికి, మోటారు దారి మీద వేగం గంటకు 130 కిలోమీటర్లు దాటగానే స్టీరింగు సన్నగా అదరడం మొదలైంది. టైర్ల దుకాణంలో రెండు సార్లు బ్యాలెన్సింగ్ చేయించాను, రెండు సార్లూ మెషిన్ మీద చక్రం బాగానే ఉంది, కారుకు బిగించగానే మళ్లీ అదురు. చివరికి స్పేసర్ తీసి చూస్తే, దాని వెనుక ముఖం మీద పప్పు గింజంత మెరిసే మచ్చ ఒకటి ఉంది. డిస్కును హబ్‌కు పట్టి ఉంచే రెండు చిన్న స్క్రూలలో ఒకదాన్ని, నా కంటే ముందు ఎవరో మెకానిక్ పాడుచేసి, దాని చోట తల కాస్త పెద్దదైన వేరే స్క్రూ బిగించి ఉన్నాడు. అది డిస్కు ముఖానికి అర మిల్లీమీటరు కూడా పైకి లేదు. స్పేసర్ వేయకముందు చక్రం వెనుక ముఖంలోని గుంట దానికి చోటిచ్చేది, చదునైన స్పేసర్ ఇవ్వలేదు. సరైన స్క్రూ వేయగానే అదురు పోయింది. అప్పటి నుంచి ఏ కారుకు స్పేసర్ వేసినా ముందుగా ఒక స్టీలు స్కేలును డిస్కు ముఖం మీద అడ్డంగా ఆనించి, కింద వెలుతురు ఎక్కడైనా కనిపిస్తుందేమో చూస్తున్నాను.

గట్టు మీద రాగి లేదా అల్యూమినియం పేస్టు పలుచగా, వేలితో రాసి తుడిచేసినంత మాత్రమే రాయండి. ఉక్కు హబ్, అల్యూమినియం స్పేసర్ ఉప్పు నీళ్లలో కలిసి ఉంటే అల్యూమినియం తినేసుకుపోయి రెండూ అతుక్కుపోతాయి, మరుసటి ఏడాది సుత్తి పట్టవలసి వస్తుంది. కానీ ఆనుకునే చదునైన ముఖాలకు ఏమీ రాయకూడదు, అక్కడ మనకు కావలసింది రాపిడి. బోల్టుల సంగతిలో పోర్షే పద్ధతి తక్కిన కార్లకు భిన్నంగా ఉంటుంది. మరలకూ, బోల్టు తలకూ దాని కింద విడిగా తిరిగే బంతి ఉంగరానికీ మధ్య అల్యూమినియం పేస్టు పలుచగా రాయమంటారు, ఆ ఉంగరం చక్రానికి తగిలే వైపు మాత్రం పొడిగా ఉండాలంటారు. 130 న్యూటన్ మీటర్లన్న సంఖ్య అలా పేస్టు రాసిన బోల్టుకు చెప్పినది. పొడి బోల్టుకు బిగించమని చెప్పిన వేరే కంపెనీ కారుకు ఇదే పద్ధతి వాడితే బోల్టు అవసరానికి మించి సాగిపోతుంది కనుక, ఈ పేరాను ఇతర కార్లవారు తమకు అన్వయించుకోవద్దు.

ఐదు బోల్టులనూ ముందు చేత్తో ఆనేదాకా తిప్పి, పానాతో ఎదురెదురుగా నక్షత్రం గీసినట్టు కొద్దికొద్దిగా బిగించి, చక్రం నేలను తాకేంత మాత్రం జాకీ దించి, అప్పుడు టార్క్ రెంచితో 130 వరకు అదే వరుసలో బిగించండి. గాలి తుపాకీతో బిగించే అలవాటు ఈ పనికి పనికిరాదు. నేలకు దించకముందే ఇంకొకటి చేయాలి. హ్యాండ్‌బ్రేకు వదిలి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, వెనుక చక్రాన్ని చేత్తో రెండు చుట్లు తిప్పుతూ చెవి పెట్టి వినండి. బ్రేకు ప్యాడు సన్నగా రాసుకునే చప్పుడు మామూలే. చుట్టుకు ఒకసారి టక్కుమని గానీ, లోహం గీరుకున్నట్టు గానీ వినిపిస్తే బోల్టు లోపల ఎక్కడో తగులుతోందని అర్థం, అక్కడితో ఆపేయాలి. యాభై నుంచి వంద కిలోమీటర్లు నడిపాక, చక్రాలు చల్లబడ్డాక బిగింపు మళ్లీ చూడండి. అప్పుడు బోల్టు కొంచెం తిరిగితే ముఖాలు సర్దుకున్నాయని అర్థం. రెండోసారి చూసినప్పుడు కూడా తిరిగితే మాత్రం చక్రం విప్పి కారణం వెతకాలి.

మడ్‌గార్డుకు తగులుతుందా అన్నది ముందే తెలుసుకోవడానికి తాపీమేస్త్రీ తూకం గుండు చాలు. మడ్‌గార్డు అంచు నుంచి చక్రం నడిమికి ఎదురుగా దారం వేలాడదీసి, దారానికీ టైరు పక్కకూ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవండి, ఎంత మందం పడుతుందో అదే చెబుతుంది. యూరప్ నిబంధన ప్రకారం, చక్రం నడిమి నుంచి ముందుకు 30 డిగ్రీలు, వెనుకకు 50 డిగ్రీల మధ్య టైరు వెడల్పును మడ్‌గార్డు కప్పి ఉండాలి. నడినెత్తిన కప్పినా ఆ వెనుక 50 డిగ్రీల దగ్గర టైరు బయటికి కనిపించి తిరస్కరణకు గురయ్యే కార్లే ఎక్కువ. వేశాక, లోపల ఇద్దరిని కూర్చోబెట్టి, స్టీరింగును రెండు కొసలకూ తిప్పి, ఒక చక్రాన్ని కాలిబాట గట్టు ఎక్కించి చూడండి.

కాగితాల సంగతి మీరు అడగలేదు గానీ జర్మనీలో ఇది పనిలో భాగమే. స్పేసర్‌తో పాటు వచ్చే టైలెగుటాఖ్టెన్ అనే విడిభాగం పరీక్ష పత్రంలో మీ కారు రకం, రిమ్ము కొలత, టైరు కొలత మూడూ ఉండాలి, బిగించిన వెంటనే వాహనాలను తనిఖీ చేసే ట్యూఫ్ లాంటి సంస్థ దగ్గరికి కారును తీసుకువెళ్లి మార్పును ధ్రువీకరించుకోవాలి. అక్కడి ఇంజనీరు ఒక చక్రాన్ని ఎత్తు మీదికి ఎక్కించి, సస్పెన్షన్ మెలితిరిగినప్పుడు టైరు ఎక్కడ రాసుకుంటుందో చూస్తాడు. ధ్రువీకరణ లేకుండా తిరిగితే కారు అనుమతే చెల్లకుండా పోయే అవకాశం ఉంది, బీమా చిక్కులు వేరే. హైదరాబాదు, విజయవాడల నుంచి ఇది చదివేవారు, మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నమైన మార్పులను ఒప్పుకోదనీ, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పిందనీ గుర్తుంచుకొని, వేసేముందు ఆర్టీవో కార్యాలయంలోనూ బీమా కంపెనీలోనూ అడగడం మంచిది.

శీతకాలపు టైర్లకు వేరే రిమ్ములు వాడేవారికి ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. మీరు అక్టోబరులో చక్రాలు మార్పించేటప్పుడు దుకాణంవారు స్పేసర్లు తీసి పక్కన పెట్టి, అలవాటు కొద్దీ చేతికి దొరికిన పొడవాటి బోల్టులతోనే శీతకాలపు చక్రాలు బిగించేస్తారు. పైన చెప్పిన మిత్రుడికి ఇదే జరిగింది. దుకాణం నుంచి వెనక్కి తీస్తుండగానే వెనుక నుంచి కర్రుమని చప్పుడు వచ్చింది కనుక అక్కడే ఆగాడు. విప్పి చూస్తే హ్యాండ్‌బ్రేకు షూను పట్టి ఉంచే స్ప్రింగు వంగిపోయి ఉంది. అందుకే పొడవాటి బోల్టుల తలల మీద నేను తెల్ల రంగు చుక్క పెడతాను, పొట్టి బోల్టుల పూర్తి జతను ముందు డిక్కీలో గుడ్డ సంచిలో ఉంచుతాను, ఆ సంచి మీద ‘స్పేసర్ లేనప్పుడు’ అని జర్మన్‌లో రాసి పెట్టాను. స్టెప్నీ ఉన్న కారైతే, దారిలో దాన్ని బిగించడానికి కూడా ఆ పొట్టి బోల్టులే కావాలి.

చివరిగా, మీరు కొన్న ఆ 20 మి.మీ. జత గురించి. వాటి మీద తయారీదారు పేరు, చెక్కిన సంఖ్య ఉన్నాయేమో, ఆ సంఖ్యకు పత్రం దొరుకుతుందేమో చూడండి. నడిమి రంధ్రాన్ని వెర్నియర్‌తో కొలవండి, 71.6 రాకపోతే అవి వేరే కారువి. మందపాటి అద్దం ముక్క మీద పెట్టి వేలితో ఒక్కొక్క అంచునూ నొక్కండి, ఎక్కడైనా టక్కున ఊగితే ముఖం వంగి ఉంది. బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుకలాంటి గీతలు ఉన్నాయేమో ఎండలో పెట్టి చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉంటే వాటిని కొన్న ధరకే ఇంకెవరికైనా అమ్మి, ఆ డబ్బుతో 15 మి.మీ.వి బోల్టులతో సహా కొత్తవి కొనుక్కోమంటాను. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా, అమ్మకుండా పాత ఇనుము వేసే చోట పడేయండి.